లెమనా, మస్టర్డా?

చాయ్ తాగుకుంట వినుండ్రి, నవ్వొస్తే నవ్వుండ్రి, గని మా గల్లీల మాత్రం ఎవ్వలికీ చెప్పకుండ్రి. అయినా ఇంక చెప్పేటందుకు ఎవలు మిగిలిండ్రు? అందరికీ ఎరికైపాయె! మొన్న నా దుకాణంల, నా కౌంటర్ మీద, నా గిరాకీల ముంగట నా ఇజ్జత్ ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాల కూసున్నది. మూత గూడ పెట్టి ఉన్నది.

నా దందా ఏందో మీకు తెల్సు గదా. చార్మినార్ ఎనక గల్లీల మ్యాచింగ్ సెంటర్. బ్లౌజ్ పీసులు, లైనింగులు, ఫాల్సులు. మా నాయిన పెట్టిన దుకాణం. ఈ దందాల పెట్టుబడి బట్ట గాదు, కన్ను. ఆడోల్లు చీర కొంగు గిట్ల చూపిస్తే చాలు, ఎనక్కు తిరగకుండనే చెయ్యి పెట్టి బట్ట థాన్ గుంజేటోన్ని. చిలకపచ్చకు, మామిడాకు పచ్చకు నడిమిట్ల ఇంకెన్ని పచ్చలున్నయో నాకు తెల్సినట్టు ఎవలికీ తెల్వదు. "నర్సింగన్న కన్ను పడ్డదంటే కలర్ కలిసినట్టే" అని మాదన్నపేట నుంచి కిషన్‌బాగ్ దాక పేరు. ఆ పేరే నన్ను ముంచింది.

అసలు లొల్లి ఎండకాలంల షురువైంది. మా దుకాణాలల్ల అన్నీ ఉంటయ్, బాత్రూం ఒక్కటి ఉండది. పోవాలంటే గల్లీ దాటాలె, ఆటోల నడుమకెళ్లి ఉరకాలె. నేను ఆడికి పోయొచ్చే లోపట నా గిరాకీ పక్క దుకాణంల బేరమాడుకుంట కూసుంటది. అందుకే నేనొక ఉపాయం చేసిన. నీళ్లు తాగుడే బంద్! చాయ్ తాగుత, అంతే. పెద్ద తెలివిమంతున్ని అనుకున్న.

గట్ల ఉండంగ ఒకరోజు పొద్దుగాల మా బామ్మర్ది శ్రీకాంత్ ఫ్యామిలీ గ్రూపుల ఒక మెసేజ్ పెట్టిండు. వాడు వాట్సప్ చదివి డాక్టరైనోడు. మీద గులాబీ పువ్వు, శుభోదయం, దాని కింద "మీ మూత్రం రంగే మీ ఆరోగ్యానికి అద్దం" అని రాసి, డబ్బాలు డబ్బాలు గీసి రంగులు. నీళ్ల లెక్కుంటే నీళ్లు ఎక్కువైనయట. లేత పసుపైతే భేష్. ముదురు పసుపైతే నీళ్లు తక్కువైనయ్. చాయ్ డికాక్షన్ లెక్కుంటే లివర్ చూపించుకో. ఎర్రగుంటే చెప్పులు గూడ ఏస్కోకుండ దవాఖానకు ఉరుకు.

వేరేటోడైతే చూసి, దండం బొమ్మ పెట్టి ఊకుంటడు. నాకేం కనిపిచ్చింది? షేడ్ కార్డ్! నా లైన్ గదా! ఫోన్ పట్టుకుని బాత్రూంలకు పోయిన. గని ఫోన్ల కలర్ నమ్మద్దని గిరాకీలకు చెప్పేటోన్ని నేనే. "అక్కా, స్క్రీన్ల ఒకటుంటది, బట్టల ఒకటుంటది" అని రోజు చెప్తనే ఉంట. అందుకే తెల్లారి దుకాణం నుంచి తెచ్చిన రూబియా బ్లౌజ్ బట్టల షేడ్ కార్డ్ తీస్కపోయిన. బట్ట ముక్కలు అంటించి ఉంటయ్ గదా, ఒక్కొక్కటి పక్కకు పెట్టి చూసిన. లెమన్ గాదు. గోల్డ్ గాదు. మస్టర్డ్! పక్కా ఆవపిండి మస్టర్డ్!



అప్పుడు ఒక్కొక్కటి యాదికొచ్చుడు షురువైంది. మొన్నట్నుంచి పెరుగన్నం పచ్చగ కనిపిస్తుంది. "పెరుగన్నంల పసుపెందుకేసినవ్?" అని మా ఇంటామె విజయను అడిగితే నన్ను ఎగాదిగా చూసింది. బనీన్లు పచ్చగైనయని సబ్బు మార్చిపిచ్చిన. దుకాణంల ట్యూబ్‌లైట్లు పచ్చగ ఎలుగుతున్నయని కొత్తయి పెట్టిపిచ్చిన. అవి గూడ పచ్చగనే ఎలిగినయ్. పావురాలు పచ్చగ. చార్మినార్ గూడ పచ్చగ!

పెద్దలు ఊకెనే చెప్పిండ్రా? కామెర్లోనికి లోకమంత పచ్చగనే కనిపిస్తదని! ఒకదిక్కు లోకం పచ్చగ, ఒకదిక్కు మూత్రం పచ్చగ. ఇంకేం రుజువు కావాలె? కామెర్లు. అదీ ముదిరిన కామెర్లు. లివర్ ఖతం, నేను ఖతం అనుకున్న.

విజయకు చెప్పిన. ఆమె నా మొకం చూసింది, కండ్ల కింది తోలు గుంజి చూసింది. "ఏం లేదు. మంచిగనే ఉన్నరు. నీళ్లు తాగుండ్రి" అన్నది. భార్య గదా, నా పాణం కొట్టుకుంటదని పైకి చెప్తలేదని నేను సమజ్ చేసుకున్న.

ఆ దినం నుంచి నా పత్యం సూడాలె! నూనె బంద్, కారం బంద్, పసుపు బంద్. పొద్దుగాల నేల ఉసిరి రసం, మాపటికి చెరుకు రసం. నీళ్లైతే బిందెలు బిందెలు తాగుతున్న. గల్లీ దాటి ఉరుకుడు నా నౌకరీ అయింది. గిరాకీ పోతే పోనీ, పాణం ముఖ్యం! ఒకనాడు కంచంల పప్పు చూస్తే పచ్చగ మెరుస్తుంది.

"పసుపేసినవ్!" అన్న.

"ఎయ్యలే!"

"నా కండ్లు చెప్తున్నయ్. కలర్ సంగతి నాకే చెప్తవా?"

"పప్పు పచ్చగ ఉండక నీలం ఉంటదా? కందిపప్పు అది!" అని గిన్నె ఠక్కున పెట్టి లోపటికి పోయింది.

అంత నీళ్లు తాగినంక గూడ షేడ్ మారలే. అదే మస్టర్డ్. మీకు చెప్తే సిగ్గు గని, ఒక పొద్దుగాల గాజు సీసాల పట్టి విజయను పిలిచి చూపిచ్చిన. ఆమె ముక్కు మూసుకుని, దూరం నుంచే చూసి, "నీళ్ల లెక్కనే ఉన్నది గదా!" అన్నది. అబద్ధం! ఎంత ప్రేమ ఉంటే గట్ల అబద్ధం చెప్తది? నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మంచం మీద కూసుండవెట్టుకుని చెప్పిన, "విజయా, రేపు నేను లేకున్నా దుకాణం ఆపకు. రూబియా కింది అరల ఉన్నది. నలుపు పక్కకు నేవీ బ్లూ పెట్టకు, కలిసిపోతయ్."

"అవి రెండు కలగలిపి పెట్టింది మీరే! మొన్న నేనొచ్చి ఏరి పెట్టిన" అన్నది.

పోయేటోని మీద గూడ నెపం ఏస్తుందని బాధపడ్డ.

డాక్టర్ కాడికి పోదామని ఆమె అన్నది. నేను పోలే. డాక్టర్ మొకం చూసి సంగతి చెప్పేస్తడు, ఆ ధైర్యం నాకు లేదు. ల్యాబ్ అయితే కాయితం ఇస్తది, మాట్లాడది. ఒక సాయంత్రం పోయి నెత్తురిచ్చిన. ల్యాబ్ అతను అద్దమసుంటి ఒక ప్లాస్టిక్ డబ్బా చేతుల పెట్టి, "అన్నా, రేపు పొద్దుగాలది తేవాలె" అన్నడు. తెల్లారి డబ్బా నింపుకుని, మూత గట్టిగ తిప్పి, క్యారీబ్యాగుల పెట్టుకుని పోతే ల్యాబ్ షట్టర్ దించే ఉన్నది. ఫోన్ చేసిన. "ట్రాఫిక్ల ఇర్కిన అన్నా. మీరు దుకాణంల ఉండుండ్రి, నేనే వచ్చి తీస్కుంట" అన్నడు. నేను సరే అన్న. ఆ సరే అన్నుడే నా కొంప ముంచింది.

దుకాణం తెరిచిన. అగర్‌బత్తి ఎలిగిచ్చిన. డబ్బా బ్యాగుల నుంచి తియ్యకుంట ఉండొచ్చు గదా? ఉండలే! ఆఖరు సారి ఒక్కపారి మంచి ఎలుతురుల చూద్దామనిపిచ్చింది. మా దందాల ఖాయిదా గదా, ఏ కలరైనా ట్యూబ్‌లైట్ల చూస్తే నమ్మద్దు, గడపల నిలవడి ఎండల చూడాలె. కౌంటర్ గడప దిక్కున్న అంచు మీద షేడ్ కార్డ్ పరిచి, దాని మీద డబ్బా పెట్టిన. డబ్బా బాగ పల్చన ఉన్నది, లోపట కలర్ సాఫ్ కనిపిస్తది. మస్టర్డ్. ఇంక డౌట్ లేదు. దేవుని ఫోటో దిక్కు చూసి దండం పెట్టుకుంటున్న.

"ఏందన్నా, నీ దుకాణం నమ్ముకుంటే గింత పరేషాన్ చేస్తవా?"

తిరిగి చూస్తే సుజాతక్క. సర్కారు ఆఫీసుల నౌకరీ చేస్తది, మా పాత గిరాకీ. మాట గట్టిది, మనిషి మంచిది. బ్యాగుల నుంచి బ్లౌజ్ తీసి నా ముంగట ఏసింది.

"నేను తెచ్చిన చీర నేవీ బ్లూ. నువ్విచ్చిన పీస్ నలుపు. కుట్టిచ్చుకుని ఫంక్షన్‌కు పోతే, ఇంట్ల ఎవలు పోయిండ్రని అడిగిండ్రన్నా!"

"లైట్ల చూసి ఉంటవక్కా. బయట ఎండల..."

"ఎండలనే చూసిన!"

నేను బ్లౌజ్ చూసిన. నా కండ్లకు పక్కా నేవీ బ్లూ. గని సావుకు దగ్గరున్నోనికి నలుపైతే ఏంది, నీలమైతే ఏంది? "మార్చిస్తలే అక్కా" అన్న.

"సరే, ఫికర్ చెయ్యకు. మా చెల్లె బిడ్డ హల్దీ ఫంక్షన్ ఉన్నది. ఆడోల్లమందరం ఒక్కటే కలర్ ఏస్కుంటం. పసుపే గని ముదురు వద్దు. లేత పసుపు, మరీ తెల్లగ కొట్టద్దు, జర మెరిసినట్టు ఉండాలె. ఎట్ల చెప్పాలె నీకు..." అనుకుంట ఆమె కండ్లు కౌంటర్ మీద తిరిగినయ్. డబ్బా మీద ఆగినయ్.

"ఇదే! అన్నా, గిదే కలర్!"

డబ్బా చేతుల పట్టింది!

"అక్కా, అది... అది అమ్మేది గాదు."

"శాంపిలా?"

"ఆఁ, శాంపిలే." ఇది నిజమే గదా.

"డై శాంపిలా?"

"ఆఁ, గసుంటిదే."

"ఏ కంపెనీ?"

"కంపెనీ గాదక్కా. సొంత తయారీ."

నోట్లకెల్లి గట్లెందుకొచ్చిందో ఆ దేవునికే తెల్వాలె. ఇగ ఎదురుంగ గాజుల దుకాణం గఫార్ భాయ్ చెవిల పడనే పడ్డది. కొత్త డై అంటే ఆయన ఊకుంటడా? చాయ్ గిలాస తోని వచ్చిండు. సుజాతక్క చేతుల నుంచి డబ్బా తీస్కుని, ఎండకు పెట్టి, ఒక కన్ను మూసి చూసిండు.

"వాహ్ నర్సింగ్ భాయ్, క్యా రంగ్ హై! ఏక్‌దం సాఫ్! ఔర్ మాల్ హై క్యా? ఇంక సరుకున్నదా?"

"రోజూ వస్తది భాయ్" అన్న. ఏమనాలె మరి?

"నాకు గిదే కలర్ థాన్ కావాలె" అన్నది సుజాతక్క.

గది ఇయ్యొచ్చు. బట్ట ఇచ్చి పంపిస్తే డబ్బా వదిలిపెడ్తరని ఆశ పుట్టింది. డబ్బా దిక్కు ఒక్క చూపు చూసిన, ఎనక్కు తిరగకుండ చెయ్యి పెట్టిన, మస్టర్డ్ థాన్ గుంజి పర్‌మని పరిచిన. ఆమె మూతి ముడిచింది.

"గిదేందన్నా? గిది ఆవపిండి. డబ్బాలది లెమన్, అదీ లేత లెమన్."

"అక్కా, కలర్ సంగతి నాకు చెప్తవా? డబ్బాలది మస్టర్డ్!"

"లెమన్!"

"మస్టర్డ్!"

మీరే చెప్పుండ్రి, ఏ మనిషైనా తన దాని కలరే ముదురని బజార్ల నిలవడి కొట్లాడుతడా? నేను కొట్లాడిన. ఎందుకంటే పోయేది పాణమైనా, కన్ను మీద మాట వడనియ్య. థాన్, డబ్బా రెండూ గడపల ఎండల పక్కపక్కకు పెట్టిన. గఫార్ భాయ్ చూసి "నీంబూ హై భాయ్, పక్కా నీంబూ" అన్నడు. ఫాల్స్ కొనేటందుకు వచ్చిన ఒక బుర్ఖా ఆమె నఖాబ్ జర ఎత్తి చూసి "లెమన్‌చ్ హై" అన్నది. ఆటో ఆపుకుని చూసినోడు గూడ లెమనే అన్నడు. అందరికీ లెమన్. నా ఒక్కనికే రెండూ కవల పిల్లలు.

"ఉండు, కలర్ పక్కాదా, ఎలిసిపోతదా చూస్త" అనుకుంట సుజాతక్క నా కౌంటర్ మీది తెల్ల లైనింగ్ ముక్క తీస్కుని డబ్బా మూత తిప్పవట్టింది. ముంచి చూస్తదట!

"అక్కా! వద్దక్కా!" అని ఒర్లిన.

గప్పుడే బండి ఆగింది. ల్యాబ్ అతను హెల్మెట్ గూడ తియ్యకుండ, గల్లీ అంత ఇనపడేటట్టు అడిగిండు.

"నర్సింగన్నా, యూరిన్ డబ్బా రెడీ ఉన్నదా? జల్ది ఇయ్యుండ్రి!"

సుజాతక్క మూత మీది చెయ్యి అట్లనే ఆగిపోయింది. మెల్లగ, పసిపిల్లను పండవెట్టినట్టు డబ్బాను కౌంటర్ మీద పెట్టింది. గఫార్ భాయ్ "తౌబా, తౌబా" అనుకుంట చేతిల చాయ్ మోరీల పారవోసి, నా దుకాణం ముంగటి బిందె కాడ చేతులు కడిగిండు, మల్ల కడిగిండు. ఆటో అతను నవ్వుడు షురు చేస్తే ఆపుతలేడు.

"సొంత తయారీ!" అన్నది సుజాతక్క.

భూమి పగిలి నన్ను మింగితే బాగుండనిపిచ్చింది. గని ఆమె నవ్వలే. తిట్టలే గూడ. నన్ను అట్లనే చూసుకుంట, "అన్నా, నీకేమొచ్చిందని పరీక్ష చేయిపిస్తున్నవ్?" అన్నది.

"కామెర్లక్కా" అన్న.

"ఇంత సాఫ్ ఉంటే కామెర్లేంది? అన్నా, నిజం చెప్పు. గిది నీకు ఆవపిండి లెక్క కనిపిస్తుందా?"

అప్పుడు సమజైంది నాకు. లోపటికి ఉరికి నలుపు అరలది ఒక థాన్, నేవీ బ్లూ అరలది ఒక థాన్ పట్టుకొచ్చి ఎండల పెట్టిన. ఏది ఏందో చెప్పలేకపోయిన. మల్ల చూసిన. కండ్లు నలుపుకుని చూసిన. రెండూ ఒక్కటే! ఆడనే గడప మీద కూలవడ్డ. లివర్ పోతే నేనొక్కన్నే పోత. కన్ను పోతే దుకాణం పోతది, మా నాయిన పేరు పోతది, ఇంట్ల పొయ్యి మీద గిన్నె పోతది. అప్పటిదాక అయ్యో కామెర్లని ఏడ్చినోన్ని, దేవుడా కామెర్లే ఇయ్యరాదా అని మొక్కిన.

రిపోర్ట్ వచ్చింది. అన్నీ నార్మల్. ఈసారి విజయ నా రెక్క పట్టుకుని డాక్టర్ కాడికి గుంజుకపోయింది. ఆయన రిపోర్ట్ చూసిండు, నా కథంత విన్నడు, కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.

"కామెర్లొచ్చినోనికి లోకం పచ్చగ కనిపియ్యదయ్యా. లోకానికి వాడు పచ్చగ కనిపిస్తడు! సామెత చూసి రోగం కనిపెట్టినోన్ని నిన్నే చూసిన. ఫస్టుల నీళ్లు తాగక ముదురుగ ఉండె, నిజమే. తాగినవ్, మంచిగైంది. పచ్చగున్నది నీ కండ్లు. పోయి కండ్ల డాక్టర్‌కు చూపిచ్చుకో."

కండ్ల డాక్టర్ లైటు కొట్టి చూసి శుక్లాలన్నడు. రెండు కండ్లల్ల. పొర పసుపెక్కి, నేను చూసేదానికంత పసుపు పూస్తుందట. గఫార్ భాయ్‌కి చెప్తే, "మోతియాబింద్! ముబారక్ హో భాయ్" అన్నడు. శుక్లాలను వాళ్ల భాషల గట్లంటరు, మోతీ అంటే ముత్యం. చార్మినార్ కాడ అందరు మోతీలమ్మి మేడలు కట్టిండ్రు. నాకు గూడ రెండు మోతీలు దొరికినయ్, అవి కండ్లల్ల దొరికినయ్.

ఒక కన్ను ఆపరేషన్ అయింది. పట్టీ తీసినంక దుకాణంల నిలవడి చూస్తే ఏడుపొచ్చింది. నా అరలల్ల తెలుపుల హాఫ్‌వైట్, నలుపుల నేవీ, వంకాయరంగుల కాఫీ! అంటే ఇన్నొద్దులు నేను ఎంతమందికి ఏమేం అంటగట్టిన? పాతబస్తీల ఎంతమంది ఆడోల్లు నా కండ్ల జబ్బు కుట్టిచ్చుకుని తొడుక్కున్నరో! విజయకు చేతులు జోడిచ్చి పప్పు సంగతిల తప్పైందన్న. "పెరుగన్నం సంగతిల?" అన్నది. దానికి గూడ జోడిచ్చిన.

రెండో కన్ను ఇంక కాలే. అందుకని ఇప్పుడు గిరాకీలు చీర చూపించే ముందు, "అన్నా, ఏ కంటితోని చూస్తున్నవ్?" అని అడుగుతున్నరు. ఒక కన్ను చేతితోని మూసుకుని యాపారం చేస్తున్న. సుజాతక్కకు గూడ గట్లనే హల్దీకి లేత లెమన్ ఏరి ఇచ్చిన. ఆమె తీస్కుంది, ఆడోల్లందరికీ కుట్టిచ్చింది. ఫంక్షన్ల అందరు ఆ కలర్ ఏడిదని అడిగిండ్రట. ఆమె నోరు ఊకుంటదా? మొత్తం చెప్పింది. డబ్బాతో సహా చెప్పింది.

నిన్న ఎవలో ఇద్దరు ఆడపిల్లలు వచ్చిండ్రు. నేనెవలో గూడ వాళ్లకు తెల్వది. నా మొకం చూసి అడుగుతరు, "అంకుల్, నర్సింగన్న కలర్ ఉన్నదా?" అని.

మా నాయిన పాణమున్నంత కాలం ఈ గద్దె మీదనే కూసున్నడు. ఒక్క రంగుకు గూడ ఆయన పేరు రాలే. నాకొచ్చింది. దేనికొచ్చిందో చూడుండ్రి! నోరు మూసుకుని థాన్ గుంజిన, బాగైన కంటితోని ఎండల చూసిన. ఇజ్జత్ ఎట్లనూ పోయింది గని, ఒప్పుకోవాలె భాయ్, కలరైతే మస్తుంది.